పైథాన్‌లో తెలుగు ఫైళ్లు: ఎన్‌కోడింగ్ సంగతి స్క్రిప్ట్‌లో రాయాలా, మెషిన్‌కి వదిలేయాలా?

మా ఊరి గ్రంథాలయంలో పుస్తకాల జాబితా అంతా ఒక సీఎస్‌వీ ఫైల్‌లో ఉండేది. ఒకే పుస్తకం రెండుసార్లు నమోదైతే ఒకటి తీసేయడానికి చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాసిచ్చాను. నా ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఉంది, అక్కడ చక్కగా నడిచింది. గ్రంథాలయం కంప్యూటర్‌లో విండోస్. అక్కడ ఫైల్ చదవడం మొదలుపెట్టగానే ఎర్రర్ వచ్చింది. ఏదో బైట్‌ని డీకోడ్ చేయలేకపోతున్నానని దాని గోల. నెట్‌లో వెతికితే, ఫైల్ తెరిచే చోట ఎర్రర్స్ అనే ఆప్షన్‌కి ఇగ్నోర్ అని ఇస్తే సరిపోతుందని ఎవరో రాశారు. అలాగే చేసి పంపాను. ఈసారి ఏ ఎర్రరూ లేకుండా నడిచింది. మర్నాడు పొద్దున్నే గ్రంథపాలకుడు ఫోన్ చేశారు. "బాబూ, కొమ్ములూ పొల్లులూ అన్నీ ఎగిరిపోయాయి. ఒక్క పేరూ చదవడానికి రావట్లేదు."

ఫైల్ తెప్పించుకుని చూస్తే 'పుస్తకం' అని ఉండాల్సిన చోట 'ప�స�తకం' అని ఉంది. పాత కాపీ ఒకటి నా మెయిల్‌లో ఉండబట్టి బయటపడ్డాం. ఆ తర్వాత చేర్చిన పుస్తకాలను మాత్రం ఆయన మళ్లీ కూర్చుని టైప్ చేయాల్సి వచ్చింది.

స్క్రిప్ట్‌లో లెక్క తప్పలేదు. ఫైల్‌ని ఏ ఎన్‌కోడింగ్‌లో, అంటే అక్షరాలని బైట్లుగా మార్చే ఏ పద్ధతిలో, తెరవాలో నేను చెప్పలేదు. చెప్పకపోతే పైథాన్ తన డిఫాల్ట్ వాడుకుంటుంది. ఆ డిఫాల్ట్ నా మెషిన్‌లో ఒకటి, ఆయన మెషిన్‌లో ఇంకొకటి. దాన్ని సరిచేసుకోవడానికి నాలుగైదు దారులున్నాయి. తెలుగు డేటాతో పని చేసేవాళ్లు ఎప్పుడు ఏది ఎంచుకోవాలో, ఎందుకో నాకు అనుభవంలో తెలిసినంత వరకు చెబుతాను.

కొమ్మూ పొల్లే ఎందుకు పోయాయి?

ముందు ఇది తెలిస్తే మిగతా పోలిక అంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ నంబర్లిచ్చే యూనికోడ్ పట్టికలో తెలుగుకి 128 స్థానాల గది ఒకటి ఉంది. ఆ నంబర్లని బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ప్రతి తెలుగు గుర్తుకీ మూడు బైట్లు పడతాయి. మొదటి బైట్ ఎప్పుడూ 224, రెండోది 176 గానీ 177 గానీ. మూడోది మాత్రం గుర్తుని బట్టి మారుతుంది. 'త' అంటే 224, 176, 164. కొమ్ము అంటే 224, 177, 129. పొల్లు అంటే 224, 177, 141. 'తెలుగు' అనే మాటలో మనకి కనిపించేవి మూడు అక్షరాలు, యూనికోడ్ లెక్కలో ఆరు గుర్తులు, డిస్క్ మీద పద్దెనిమిది బైట్లు.

మన దేశంలో ఇంగ్లిష్ భాషతో పెట్టుకున్న విండోస్‌లో పాత ప్రోగ్రామ్‌ల కోసం ఉండే కోడ్ పేజీ మామూలుగా 1252. పడమటి యూరప్ భాషల కోసం చేసిన పట్టిక అది. అందులో ఒక్కో బైట్‌కి ఒక్కో అక్షరం. ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైల్ తెరిస్తే విండోస్‌లో పైథాన్ ఈ పట్టికనే పట్టుకుంటుంది. అప్పుడు 224 అనే బైట్ నెత్తిన వాలుగీత ఉన్న రోమన్ అక్షరంగా, 176 డిగ్రీ గుర్తు ° గా, 177 ప్లస్-మైనస్ గుర్తు ± గా మారిపోతాయి. పాడైన తెలుగు ఫైళ్లలో ° ± గుర్తులు అడుగడుగునా కనిపించేది ఇందుకే.

ఈ 1252 పట్టికలో అయిదు గళ్లు ఖాళీ: 129, 141, 143, 144, 157. ఆ బైట్ ఎదురైతే పైథాన్ దాన్ని ఏ అక్షరంగానూ మార్చలేక ఆగిపోతుంది. వీటిని తెలుగు గుర్తులతో పోల్చి చూడండి. మూడో బైట్ 129 అంటే కొమ్ము. 141 అంటే పొల్లు, వత్తు రాసిన ప్రతి చోటా లోపల ఉండేది కూడా ఇదే. 143 అంటే 'ఏ', 144 అంటే 'ఐ', 157 అంటే 'ఝ'. తెలుగులో కొమ్మూ వత్తూ లేకుండా ఒక వాక్యం రాయడం కష్టం కాబట్టి, విండోస్‌లో డిఫాల్ట్‌తో చదివిన తెలుగు ఫైల్ దాదాపు ఎప్పుడూ ఎర్రర్ ఇస్తుంది. నిజానికి అది మన అదృష్టం. తప్పు జరుగుతోందని అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఇగ్నోర్ అని రాసి నేను ఆ అదృష్టాన్ని పోగొట్టాను. పైథాన్ ఆ అయిదు బైట్లనీ పారేసి మిగిలినవాటినే తిరిగి రాసింది. కొమ్ముదీ పొల్లుదీ మూడో బైట్ పోయాక మిగిలింది రెండింటికీ ఒకటే: 224, 177. ఏది కొమ్మో ఏది పొల్లో చెప్పే ఆధారం ఇక ఫైల్‌లో లేదు. మనిషి కూర్చుని చదివి ఊహించాల్సిందే, ప్రోగ్రామ్‌తో సరిచేయడం కుదరదు.

అందుకే ఏ దారి ఎంచుకున్నా ఒకటి గుర్తుంచుకోండి. తెలుగు డేటా మీద ఇగ్నోర్ వాడొద్దు.

మొదటి దారి: ఫైల్ తెరిచే ప్రతి చోటా ఎన్‌కోడింగ్ రాయడం

ఓపెన్ ఫంక్షన్‌ని పిలిచిన ప్రతిసారీ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పడం. పాత్‌లిబ్‌లో రీడ్ టెక్స్ట్, రైట్ టెక్స్ట్ వాడినా ఇదే పద్ధతి, అవి కూడా చెప్పకపోతే డిఫాల్ట్‌కే పోతాయి.

నా ఓటు దీనికే. ఈ మాట స్క్రిప్ట్ లోపల ఉంటుంది కాబట్టి స్క్రిప్ట్ ఎక్కడికి పోతే అక్కడికి పోతుంది. గ్రంథాలయం కంప్యూటర్‌లో, చెల్లెలి ల్యాప్‌టాప్‌లో, సర్వర్‌లో రాత్రి రెండింటికి నడిచే క్రాన్ జాబ్‌లో అంతటా ఒకే ఫలితం. స్క్రిప్ట్ చదివేవాళ్లకి కూడా ఈ ఫైల్ ఏ ఎన్‌కోడింగ్‌లో ఉండాలో అక్కడే తెలుస్తుంది.

కష్టం ఒక్కటే, మరిచిపోవడం. ఇరవై చోట్ల రాసి ఇరవై ఒకటో చోట వదిలేస్తాం. లినక్స్‌లోనో మ్యాక్‌లోనో పని చేసేవాళ్లకి అసలు తేడా కనిపించదు, ఎందుకంటే అక్కడ డిఫాల్ట్ ఎటూ యూటీఎఫ్-8 అయి ఉంటుంది. దీనికి మందు పైథాన్ 3.10తో వచ్చింది. మైనస్ గుర్తు, పెద్ద అక్షరం ఎక్స్, ఆ తర్వాత వార్న్, డిఫాల్ట్, ఎన్‌కోడింగ్ అనే మూడు మాటల్ని అండర్‌స్కోర్‌లతో కలిపి ఇస్తే, ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైల్ తెరిచిన ప్రతి చోటా పైథాన్ హెచ్చరిక చూపిస్తుంది. కోడ్‌లో తప్పులు వెతికే పైలింట్ కూడా ఈ తప్పుని పట్టుకుంటుంది. లినక్స్‌లో కూర్చునే విండోస్‌లో రాబోయే ఎర్రర్‌ని ముందే చూడొచ్చు. వేరేవాళ్లకి పంపే స్క్రిప్ట్‌ని ఒక్కసారైనా ఈ హెచ్చరికతో నడిపి చూడండి.

రెండో దారి: యూటీఎఫ్-8 మోడ్

పైథాన్ 3.7లో వచ్చిన సదుపాయం ఇది. విక్టర్ స్టిన్నర్ రాసిన 540వ పీఈపీ ప్రతిపాదన దీనికి మూలం. ఆన్ చేయడానికి రెండు పద్ధతులున్నాయి. పైథాన్‌ని నడిపేటప్పుడు మైనస్ పెద్ద ఎక్స్ పక్కన యూటీఎఫ్8 అని ఇవ్వడం ఒకటి. పైథాన్, యూటీఎఫ్8 అనే రెండు మాటల్ని కలిపి, అన్నీ పెద్ద అక్షరాల్లో, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా పెట్టి విలువ 1 ఇవ్వడం రెండోది. ఇది ఆన్‌లో ఉంటే ఎన్‌కోడింగ్ చెప్పని ప్రతి ఓపెన్ యూటీఎఫ్-8లోనే తెరుచుకుంటుంది. స్టాండర్డ్ ఇన్‌పుట్, అవుట్‌పుట్ కూడా అదే దారిలోకి వస్తాయి.

కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు. పాత స్క్రిప్ట్‌లు నలభై ఉండి వాటిని ముట్టుకునే ధైర్యం లేనప్పుడు, లేదా మనది కాని లైబ్రరీ లోపల ఎక్కడో ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైల్ తెరుస్తున్నప్పుడు ఇది ప్రాణం నిలబెడుతుంది. సొంత విండోస్ ల్యాప్‌టాప్‌లో ఈ వేరియబుల్ పెట్టుకోండి అని తెలుగు డేటాతో పని చేసే ప్రతివాళ్లకీ చెబుతాను.

ఎంచుకునే ముందు తెలుసుకోవాల్సినవి మూడున్నాయి. ఒకటి, ఇది పైథాన్ మొదలయ్యేటప్పుడే తేలిపోవాలి. స్క్రిప్ట్ మధ్యలో ఆన్ చేయడం కుదరదు. రెండు, ఒక స్క్రిప్ట్ ఇంకో పైథాన్ స్క్రిప్ట్‌ని నడిపితే వేరియబుల్ దానికీ అందుతుంది కానీ, కమాండ్‌లో ఇచ్చిన ఎక్స్ ఆప్షన్ దానంతట అది అందదు. మూడు, కోడ్ పేజీ 1252లో ఫలితాలిచ్చే పాత విండోస్ ప్రోగ్రామ్‌ల అవుట్‌పుట్‌ని మీ స్క్రిప్ట్ చదువుతుంటే, ఈ మోడ్‌లో దాన్ని కూడా యూటీఎఫ్-8 అనుకుని తప్పు చదువుతుంది. అలాంటి చోట ఎన్‌కోడింగ్ లొకేల్ (మెషిన్‌లోని భాష, ప్రాంతం సెట్టింగ్) అని రాయాలి. పైథాన్ 3.11 నుంచి అది యూటీఎఫ్-8 మోడ్‌లో కూడా అసలైన లొకేల్‌నే చూస్తుంది.

అన్నిటికంటే పెద్ద లోటు వేరే ఉంది. ఈ నిర్ణయం మీ మెషిన్‌లో ఉంది, స్క్రిప్ట్‌లో లేదు. స్క్రిప్ట్‌ని వాట్సాప్‌లో పంపిస్తే వేరియబుల్ దానితో పోదు. మీ దగ్గర నడిచింది కాబట్టి అవతలివాళ్ల దగ్గరా నడుస్తుందని నమ్మి పంపుతారు, అక్కడ నా గ్రంథాలయం కథే మళ్లీ జరుగుతుంది.

తెర వరకే పని చేసేవి

పైథాన్ ఐఓ ఎన్‌కోడింగ్ అనే ఇంకో వేరియబుల్ ఉంది. పేరు చూసి ఇది ఫైళ్లకి కూడా పని చేస్తుందని చాలామంది అనుకుంటారు. చేయదు. స్టాండర్డ్ ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్ అనే మూడింటికే అది. ఓపెన్‌తో తెరిచే ఫైళ్ల జోలికి పోదు. స్క్రిప్ట్ లోపలే ఆ పని కావాలంటే 3.7 నుంచి సిస్ మాడ్యూల్‌లోని స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి రీకాన్ఫిగర్ అనే మెథడ్ ఉంది, దానికి యూటీఎఫ్-8 అని చెబితే సరిపోతుంది.

ఇది ఎప్పుడు అవసరం? విండోస్‌లో ప్రింట్ చేస్తే తెర మీద తెలుగు బాగానే వస్తుంది. అదే కమాండ్‌కి > గుర్తు పెట్టి ఫైల్‌లోకి మళ్లిస్తే ఎన్‌కోడ్ ఎర్రర్ వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఇది చాలా అయోమయంగా ఉంటుంది. కారణం ఏమిటంటే, 3.6 నుంచి విండోస్ కన్సోల్‌కి రాసేటప్పుడు పైథాన్ యూనికోడ్ దారిలో రాస్తుంది. అవుట్‌పుట్‌ని ఫైల్‌కి మళ్లిస్తే అది కన్సోల్ కాదు కాబట్టి మళ్లీ 1252కే పోతుంది. ఆ పట్టికలో తెలుగు గుర్తు ఒక్కటీ లేదు. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది.

విండోస్ మొత్తాన్నీ మార్చడం

రీజియన్ సెట్టింగుల్లో సిస్టమ్ లొకేల్ మార్చే చోట, ప్రపంచ భాషలన్నిటికీ యూటీఎఫ్-8 వాడాలనే చెక్‌బాక్స్ ఒకటి ఉంది. పక్కన బీటా అని రాసి ఉంటుంది. టిక్ పెట్టి రీస్టార్ట్ చేస్తే కోడ్ పేజీ 1252 పోయి 65001 వస్తుంది, అంటే యూటీఎఫ్-8. పైథాన్ ఒక్కదానికే కాదు, యూనికోడ్ తెలియని పాత ప్రోగ్రామ్‌లన్నిటికీ ఈ మార్పు వర్తిస్తుంది. పాత అకౌంట్ల ప్యాకేజీలు, డీటీపీ సాఫ్ట్‌వేర్లు నడిచే కంప్యూటర్‌లో ఒక స్క్రిప్ట్ కోసం ఇది చేయకండి. ఒక గదిలో బల్బు వెలగలేదని ఊరి ట్రాన్స్‌ఫార్మర్ మార్చినట్టు ఉంటుంది.

3.15 దాకా ఆగితే?

జపాన్‌కి చెందిన పైథాన్ డెవలపర్ ఇనాడా నవోకి రాసిన 686వ పీఈపీ ప్రకారం, పైథాన్ 3.15 నుంచి యూటీఎఫ్-8 మోడే డిఫాల్ట్. ఎన్‌కోడింగ్ చెప్పకపోయినా విండోస్‌లో ఫైల్ యూటీఎఫ్-8లోనే తెరుచుకుంటుంది. జపనీస్ విండోస్‌లోనూ యూటీఎఫ్-8 కాని కోడ్ పేజీ ఉండటం వల్ల మనలాంటి బాధే వాళ్లదీ. ఇంతకు ముందు చెప్పిన 3.10 హెచ్చరిక కూడా ఆయన ప్రతిపాదించిందే.

మంచి వార్తే. అయినా దీన్ని నమ్ముకుని ఇవాళ రాసే స్క్రిప్ట్‌లో ఎన్‌కోడింగ్ వదిలేయొద్దు. గ్రంథాలయాల్లో, స్కూళ్లలో, చిన్న ఆఫీసుల్లో ఒకసారి వేసిన పైథాన్‌ని ఏళ్ల తరబడి ఎవరూ మార్చరు. మన స్క్రిప్ట్ నడిచేది అక్కడే.

పెర్ల్‌లో ఉన్నది, పైథాన్‌లో లేనిది

ఈ విషయంలో పెర్ల్ పద్ధతి నాకు చాలా ఇష్టం. స్క్రిప్ట్ పైభాగాన యూజ్ ఓపెన్ అని ఒక్క వాక్యం రాసి, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెబితే, దాని కింద ఆ పరిధిలో తెరిచే ఫైళ్లన్నిటికీ అదే డిఫాల్ట్ అవుతుంది. చదవడానికి ఒకటి, రాయడానికి ఒకటి వేరువేరుగా కూడా పెట్టుకోవచ్చు. కోలన్ పెట్టి ఎస్‌టీడీ అని చేరిస్తే స్టాండర్డ్ ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్ కూడా వచ్చి చేరతాయి.

ప్రతి చోటా రాయక్కర్లేదు, అలాగని నిర్ణయం మెషిన్‌లోనూ లేదు. అది స్క్రిప్ట్‌తోనే ప్రయాణిస్తుంది. పైగా ఆ డిఫాల్ట్ ఆ పరిధి దాటదు, మీరు వాడుకునే ఇతర మాడ్యూళ్ల లోపలి ఫైళ్లని కదిలించదు. ఒక్క ఎస్‌టీడీ భాగం మాత్రం ప్రోగ్రామ్ మొత్తానికీ వర్తిస్తుంది. పైథాన్‌లో సరిగ్గా ఇలాంటిది లేదు. నేను చేసుకునే ఏర్పాటు ఏమిటంటే, స్క్రిప్ట్ మొదట్లో 'తెలుగు ఫైల్ తెరువు' అనే అర్థం వచ్చే చిన్న ఫంక్షన్ రాసుకుని, ఎన్‌కోడింగ్ అందులో ఒక్కచోటే పెట్టి, మిగతా స్క్రిప్ట్ అంతా దాన్నే పిలుస్తాను.

పెర్ల్ వాడేవాళ్లు మూడు విషయాల్లో జాగ్రత్తగా ఉండాలి. యూజ్ యూటీఎఫ్8 అనేది వేరే, అది స్క్రిప్ట్‌లో మీరు టైప్ చేసిన తెలుగు అక్షరాల కోసం, ఫైళ్ల కోసం కాదు. రెండోది, కోలన్ యూటీఎఫ్8 అనే పొట్టి రూపం చదివేటప్పుడు బైట్లు సరైనవో కావో పరీక్షించదు, ఎన్‌కోడింగ్ అని పూర్తిగా రాసే రూపం పరీక్షిస్తుంది. ఆ పొడుగు రూపమే వాడండి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఏమీ చెప్పకపోతే పెర్ల్ ఎర్రర్ ఇవ్వదు. బైట్లు బైట్లుగానే చదివి, బైట్లుగానే రాసేస్తుంది. తెర మీద తెలుగు చక్కగా కనిపిస్తుంది. 'తెలుగు' పొడవు ఎంత అని అడిగితే మాత్రం ఆరు బదులు పద్దెనిమిది అంటుంది. అలా చదివినదాన్ని యూటీఎఫ్-8 అవుట్‌పుట్‌కి పంపితే ఒక్కో బైట్ రెండేసి బైట్లై, పద్దెనిమిది కాస్తా ముప్పై ఆరు అవుతాయి. పైథాన్ గోల పెట్టే చోట పెర్ల్ మౌనంగా పోతుంది. పెర్ల్‌లో యూజ్ ఓపెన్ తప్పనిసరి అని నేననేది అందుకే.

రూబీ వాడేవాళ్లకి ఈ తలనొప్పి చాలా వరకు తగ్గింది. 3.0 నుంచి విండోస్‌లో కూడా అక్కడ డిఫాల్ట్ యూటీఎఫ్-8.

ఎక్సెల్ కోసం రాసేటప్పుడు

యూటీఎఫ్-8 అని రాసినంత మాత్రాన మనవాళ్ల పని పూర్తి కాదు, ఎందుకంటే చివరికి ఆ సీఎస్‌వీ తెరుచుకునేది ఎక్సెల్‌లో. డబుల్ క్లిక్ చేసి తెరిస్తే, ఫైల్ మొదట్లో గుర్తింపు బైట్లు లేకపోతే ఎక్సెల్ కూడా 1252 అనుకుని ° ± గుర్తులు చూపిస్తుంది. ఎక్సెల్‌లో తెరవబోయే ఫైళ్లకి యూటీఎఫ్-8-సిగ్ అనే ఎన్‌కోడింగ్‌తో రాయండి. అది ఫైల్ తలలో 239, 187, 191 అనే మూడు బైట్లు పెడుతుంది, వాటిని చూసి ఎక్సెల్ సరిగ్గా తెరుస్తుంది.

తిరిగి చదివేటప్పుడు కూడా సిగ్ వాడండి. ఆ బైట్లున్నా లేకపోయినా అది సర్దుకుంటుంది. మామూలు యూటీఎఫ్-8తో చదివితే ఆ గుర్తు కంటికి కనిపించకుండా మొదటి కాలమ్ పేరుకి అతుక్కుపోతుంది. 'పేరు' అనే కాలమ్ ఎదురుగా కనిపిస్తున్నా ఆ కాలమ్ లేదని కీ ఎర్రర్ వస్తుంది. దీని మీద నేను ఒక మధ్యాహ్నం మొత్తం పోగొట్టుకున్నాను.

సీఎస్‌వీ మాడ్యూల్‌తో రాసేటప్పుడు న్యూలైన్ అనే ఆప్షన్‌కి ఖాళీ స్ట్రింగ్ ఇవ్వడం మరవొద్దు. లేకపోతే విండోస్‌లో ప్రతి వరస తర్వాత ఒక ఖాళీ వరస వస్తుంది. పాండాస్‌తో చదివేవాళ్లకి డిఫాల్ట్ ఎటూ యూటీఎఫ్-8 కాబట్టి చదవడంలో చిక్కు లేదు, ఎక్సెల్‌కి పంపేటప్పుడు మాత్రం సిగ్ వాళ్లకీ అవసరమే. జేసన్ మాడ్యూల్ మామూలుగా తెలుగుని ఆస్కీ ఎస్కేప్ గుర్తులుగా మార్చి రాస్తుంది. అందువల్ల ఎర్రర్ రాదు గానీ ఫైల్ మనిషి చదివేలా ఉండదు, 'తెలుగు' ఒక్కటే 36 బైట్లవుతుంది. ఎన్‌ష్యూర్ ఆస్కీ అనే ఆప్షన్‌ని ఫాల్స్ చేస్తే తెలుగు తెలుగులాగే పడుతుంది, అప్పుడు ఎన్‌కోడింగ్ రాసే బాధ్యత మళ్లీ మనదే.

రాయడంలో ఇంకో ప్రమాదం ఉంది. ఫైల్‌ని రాసే మోడ్‌లో తెరవగానే అందులో పాతదంతా చెరిగిపోతుంది. ఆ తర్వాత ఎన్‌కోడ్ ఎర్రర్ వస్తే పాత డేటా లేదు, కొత్త డేటా లేదు, సున్నా బైట్ల ఫైల్ మిగులుతుంది. చదివిన ఫైల్ మీదే తిరిగి రాయకుండా వేరే పేరుతో రాసి, అంతా సరిగ్గా అయ్యాక పేరు మార్చుకోండి. ఉన్న ఫైల్‌ని పొరపాటున కూడా చెరపకూడదనుకుంటే డబ్ల్యూ బదులు ఎక్స్ మోడ్ వాడండి. ఆ పేరుతో ఫైల్ ముందే ఉంటే పైథాన్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

కనిపించే గుర్తుని బట్టి జబ్బు

ఎవరైనా "తెలుగు రావట్లేదు" అంటే నేను మొదట స్క్రీన్‌షాట్ అడుగుతాను. ఖాళీ డబ్బాలు కనిపిస్తే అది ఫాంట్ సమస్య, ఫైల్ క్షేమంగా ఉంది, ఎన్‌కోడింగ్‌ని ముట్టుకోవద్దు. ° ± గుర్తులు వరసగా ఉంటే బైట్లు చాలా వరకు బాగానే ఉన్నాయి, చదివే పద్ధతి తప్పు. ఆ స్థితిలో సేవ్ చేయకుండా మూసేసి యూటీఎఫ్-8గా తెరవాలి. � కనిపిస్తే యూటీఎఫ్-8గానే చదువుతున్నాం గానీ బైట్లు కొన్ని పాడయ్యాయి, లేదా ఫైల్ అసలు యూటీఎఫ్-8 కాదు. విండోస్‌తో వచ్చే పాత పవర్‌షెల్ 5.1లో > గుర్తుతో పుట్టిన ఫైల్ యూటీఎఫ్-16 అయి ఉంటుంది, అదొకసారి చూడండి. అన్నీ ప్రశ్నార్థకాలే ఉంటే మాత్రం తెలుగు అప్పటికే పోయింది. పాత కాపీ వెతకడం తప్ప దారి లేదు.

వీటిలో దేనికీ చెందనిది ఒకటుంది. అను ఫాంట్లతో డీటీపీ చేసిన పాత ఫైళ్లు. వాటిలో ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు. రోమన్ అక్షరాలకీ గుర్తులకీ తెలుగు బొమ్మలు తొడిగారు. పైథాన్‌లో ఏ ఎన్‌కోడింగ్ పెట్టినా, ఏ మోడ్ ఆన్ చేసినా ఆ ఫైల్ తెలుగుగా మారదు. దానికి ఫాంట్ కన్వర్టరే కావాలి. దీని కోసం సెట్టింగులతో కుస్తీ పట్టేవాళ్లని చూశాను, టైమ్ వృథా.

ఎవరికి ఏది?

స్క్రిప్ట్ ఇంకొకరి చేతికి వెళ్తుంది అంటే ప్రతి ఓపెన్‌లో ఎన్‌కోడింగ్ రాయండి, ఇందులో రెండో ఆలోచన వద్దు. మీ ఒక్కరి విండోస్ మెషిన్, ఎన్నో పాత స్క్రిప్ట్‌లు, ఎవరో రాసిన లైబ్రరీలు అయితే యూటీఎఫ్-8 మోడ్ వేరియబుల్ పెట్టుకోండి. కానీ కొత్తగా రాసే వాటిలో ఎన్‌కోడింగ్ రాయడం మానొద్దు. సర్వర్‌లోనో డాకర్‌లోనో నడిపేటప్పుడు లొకేల్ సి అని ఉన్నా 3.7 నుంచి పైథాన్ తనంతట తనే యూటీఎఫ్-8కి మారుతుంది, అయినా డాకర్ ఫైల్‌లో ఆ వేరియబుల్ ఒక లైన్ రాయడం నా అలవాటు. అక్కడ ఆ లైన్ కోడ్‌తో పాటే ఉంటుంది కాబట్టి మెషిన్ మీద ఆధారపడటం లేదు. క్లాసులో పిల్లలకి నేర్పేవాళ్లు మొదటి రోజే ఎన్‌కోడింగ్‌తో కలిపి ఓపెన్ నేర్పండి. చేతికి అలవాటైతే ఇక పోదు.

ఇక పరీక్ష. చాలామంది 'సీత' లాంటి చిన్న పేరు ఒకటి ఫైల్‌లో పెట్టి, ఎర్రర్ రాలేదు కదా అని సంతోషపడతారు. 'సీత'లో కొమ్ము లేదు, పొల్లు లేదు. తొమ్మిది బైట్లూ 1252 పట్టికలో ఏదో ఒక అక్షరానికి సరిపోతాయి, గుడి దీర్ఘం మూడో బైట్ ఏకంగా యూరో గుర్తు € అవుతుంది. ఎర్రర్ లేకుండానే తప్పు చదువుతుంది. అందుకే నా దగ్గర ఒకే లైన్ ఉన్న పరీక్ష ఫైల్ ఉంది: 'ఐదు ఏళ్ల ఝరి'. అర్థం పెద్దగా లేకపోయినా 1252లో చెల్లని అయిదు గుర్తులూ అందులో ఉన్నాయి. స్క్రిప్ట్ ఎవరికి పంపినా ముందు ఈ ఫైల్‌ని వాళ్ల మెషిన్‌లో చదివించి, వేరే ఫైల్‌లోకి రాయించి, రెండు ఫైళ్ల సైజూ పోల్చమంటాను. చివర కొత్త లైన్ లేకపోతే 32 బైట్లు ఉండాలి, రెండింటిలోనూ.